రాసినోళ్ళ ఇంట్లో అచ్చు పుస్తకం

ఈ ప్రయాణం గురించి రాయకూడదనే అనుకున్నాను. వచ్చి నాలుగు నెలలైంది. గ్రంథాలయంలో తోటివాళ్ళు "భద్రాచలం పోయొచ్చినవంట, ప్రసాదమేదీ?" అని అడిగితే నవ్వి తప్పించుకున్నాను. అటు వెళ్ళని వాళ్ళకు దారి చెబుదామని మొదలుపెడుతున్నా, చివరికి నా తప్పే చెప్పుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు.

నా పని ఖమ్మంలో పాత పుస్తకాలు బాగుచేయడం. చిరిగిన కాగితానికి పలచటి కాగితం అంటించడం, వీపు ఊడిన పుస్తకానికి కుట్టు వేయడం, పురుగులకు వేపాకు పెట్టడం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే. పుస్తకం చేతికిస్తే ఎప్పటిదో, ఎలాంటి అచ్చో చెప్పేస్తానని నాకు కొంచెం పొగరు కూడా ఉంది. ఉండేది.

ఒకరోజు పద్మ అనే అమ్మాయి పరీక్షల పుస్తకాల కోసం వచ్చింది. చర్ల దగ్గర ఒక అడవి పల్లెలో టీచరు. నేను జిగురు రాస్తుంటే చాలాసేపు చూసి అడిగింది.

"మేడం, మా ఇంట్ల తాటాకుల తీరు పొత్తం ఒకటుంది. రాముని కథ. మా తాతకు తాత చేత్తోని రాసిండు. చెదలు పడ్తుంది. జర వచ్చి చూస్తరా? నవమికి తీసి చదవాలె."

చేత్తో రాసిన పొత్తం అనగానే నాకు నిద్రపట్టలేదు. నవమికి ఇంకా పన్నెండు రోజులుండగా సంచిలో పలచ కాగితం, మైదా పొట్లం, కుంచెలు సర్దుకుని బస్సెక్కాను.

వంతెన మీద

కొత్తగూడెం దాటాక చెట్లు దగ్గరవుతాయి. పాల్వంచలో బస్సు ఆగినప్పుడు మూడు రూపాయల టీ తాగాను. మా ఖమ్మంలోనూ మూడే, కానీ ఇక్కడ గ్లాసు పెద్దది. సారపాక దగ్గర వెదురు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, కాగితం మిల్లుకు పోయేవి. నేను అతికించే కాగితాల్లో ఏదో ఒకటి ఈ వెదురే అయ్యుంటుందని వాటిని ఆప్యాయంగానే చూశాను.

పక్క సీట్లో ఒక పెద్దామె పసుపు దారంతో కట్టిన మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు గోదావరి వంతెన ఎక్కగానే కండక్టరును బతిమాలి మెల్లగా పోనిమ్మంది. కిటికీలోంచి మూట నీళ్ళలోకి వదిలి దండం పెట్టుకుంది.

"ఏముందమ్మా అందులో?" అన్నాను.

"దేవుళ్ళ కేలండర్లు, పాత పంచాంగాలు. ఇంట్ల పెట్టుకుంటే పాతవడ్తయి, చెత్తల ఎయ్యరాదు, కాలవెట్టరాదు. గోదారమ్మకిస్తె ఆమె చూసుకుంటది. మీ దిక్కు ఏం జేస్తరు?"

మా దిక్కు పాత కేలండర్లు తిరగేసి పిల్లల పుస్తకాలకు అట్టలేస్తాం, వంటింటి గూళ్ళలో పరుస్తాం. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి "మేమూ గంతే" అన్నాను. అబద్ధం. ఆమె నన్ను నమ్మి సంతోషపడింది.

చర్ల దారి

భద్రాచలంలో గుడి వెనక సందులో నూట ఇరవైకి గది దొరికింది. మర్నాడు పొద్దున్నే చర్ల బస్సు. దుమ్ముగూడెం దాటినప్పటినుంచి రోడ్డు రోడ్డు కాదు. గుంతలో పడి లేచినప్పుడల్లా బస్సంతా ఒకేసారి "అమ్మో" అంటుంది, ఆపైన ఒకేసారి నవ్వుతుంది. అంత బాధలో అంత నవ్వు నేను మా ఊరి బస్సుల్లో చూడలేదు.

రెండు చోట్ల పోలీసులు ఆపి సంచులు చూశారు. ఇప్పపువ్వు రాలే రోజులు. చెట్లకింద తెల్లవారకముందే ఊడ్చి శుభ్రం చేసిన నేల, దానిమీద పసుపుపచ్చ పూలు, వాటిని ఏరుకుంటున్న ఆడవాళ్ళు. బస్సులోకి తియ్యటి, కొంచెం పులిసిన వాసన కొట్టింది.

చర్లలో పద్మ నా కోసం నిలబడి ఉంది. అక్కడినుంచి ఆటోలో కొంత, నడిచి కొంత.

"మా ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరు చెప్పరు మేడం. రాసినోళ్ళ ఇల్లు ఏదని అడగాలె," అంది నడుస్తూ.

"అంటే?"

"మా తాతకు తాత రాసిండు గద, గందుకు. మా ఇంటిపేరు బడి రిజిస్టర్ల తప్ప ఎవరికి ఎర్కలేదు. చుట్టుపక్కల కోయగూడేలల్ల సుత పిల్లలకు పలక పట్టిచ్చే ముందు మా ఇంటికి తీస్కొస్తరు. పిల్ల ఏలు ఆ పొత్తం మీద పెట్టిచ్చి అప్పుడు ఓం రాపిస్తరు. నేను టీచరైన అంటే అంతా ఆ పొత్తం పుణ్యమే అంటడు తాత."

ఆ మాట నేను విన్నాను. బాగానే విన్నాను. గుర్తుపెట్టుకోవాల్సినంత గట్టిగా వినలేదు.

రాసినోళ్ళ ఇల్లు

పెంకుటిల్లు, ముందు అరుగు. అరుగు మీద పద్మ తాత వీరస్వామి. ఎనభై దాటి ఉంటాయి. కళ్ళలో శుక్లాలు, మనిషి మాత్రం నిటారు. పద్మ తల్లి నర్సమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పుస్తకం ముట్టేవాళ్ళు కాళ్ళు చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి రావాలట. మా గ్రంథాలయంలో ఈ నియమం పెడితే సగం పుస్తకాలు బతికేవి. అదే మాట అంటే నర్సమ్మ పకపకా నవ్వింది.

"మంచిగున్నవ్ అక్కా. అన్నం తిన్నంక చూస్తవా, చూసినంక తింటవా?"

"చూశాకే," అన్నాను.

అరుగు చివర ఒక కోయ తల్లి నాలుగేళ్ళ పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పాప చేతిలో కొత్త పలక. పొత్తం ఎటూ బయటకు తీస్తున్నారు కదా, ఇవాళే వేలు పెట్టిస్తామని వచ్చారట.

పెద్దాయన తానే లోపలికి వెళ్ళి ఎర్రగుడ్డ మూట తెచ్చాడు. విప్పాడు. రెండు చెక్కల నడుమ మూరెడు పొడవు, జానెడు కూడా లేని వెడల్పు, విడివిడి ఆకులు. తాటాకు రంగు రావడానికి కాగితాన్ని పసుపులో ముంచినట్టున్నారు. ప్రతి ఆకు నడుమ దారం పోవడానికి గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ అక్షరాలు తప్పుకుని నిలబడ్డాయి. నాలుగువైపులా ఎర్రటి జంట గీతలు. అక్కడక్కడ బొమ్మలు, వాటికి చేత్తో వేసిన రంగులు. స్వామి కిరీటం చుట్టూ బంగారు పొడి ఇంకా మెరుస్తోంది.

మధ్యలో కొన్ని ఆకులకు చెదమన్ను పట్టి గట్టిపడింది. అందులో అంటుకుపోయిన రెండు ఆకుల్ని చూపించి, "పెద్దయ్యా, ఈ జంటను తీసుకుపోయి తడిగుడ్డలో పెట్టి విడదీస్తాను. ఇవి లొంగితే మిగతావీ లొంగుతాయి," అన్నాను. ఆయన తలూపాడు. గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత పైనున్న మొదటి ఆకును వెలుతురుకు ఎత్తాను. వెనకవైపు వేలు నడిపాను. వేలికి గరుగ్గా తగిలింది. సీసపు అచ్చు కాగితాన్ని నొక్కితే వెనక ఉబ్బుతుంది, చేతిరాతకు ఆ ఉబ్బు ఉండదు. రెండో ఆకు చూశాను, అదే. "శ్రీ" తలమీద ఒకచోట చిన్న విరుపు ఉంది. ఆరు ఆకులు తిప్పాను, ఆ విరుపే మళ్ళీ మళ్ళీ, విరిగిన ఒకే సీసపు అక్షరం తిరిగి తిరిగి పడ్డట్టు.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. అచ్చు కొత్తగా వచ్చిన రోజుల్లో జనం అచ్చు పుస్తకాన్ని పూజలో పెట్టేవారు కాదు. అందుకని కొందరు అచ్చువాళ్ళు తాళపత్రంలాగే కనిపించేలా పొడుగాకుల మీద వేసి, బొమ్మలకు చేత్తో రంగులద్ది, చేతిరాత పొత్తంలాగా అమ్మారని మా పెద్దలు చెబితే విన్నాను గానీ ఒక్కటీ చూడలేదు. చేతిరాత పొత్తాలు వంద దొరకవచ్చు, ఇలాంటిది దొరకదు.

"ఇది రాసింది కాదు! అచ్చు పుస్తకం!" అని గట్టిగా అరిచాను. "పెద్దయ్యా, ఇది అచ్చేసింది!"

సంతోషంతో అరిచాను. దేవుడి మీద ఒట్టు, సంతోషంతోనే.

పద్మ నావైపు వద్దన్నట్టు చూసింది. నేను ఆగానా? నా నోటికి కళ్ళెం ఎప్పుడుంది గనక. చివరి ఆకు తీశాను. అక్కడ నల్లసిరాతో "లింగయ్య వ్రాలు" అని ఉంది.

"ఇదిగో, ఇదొక్కటే చేతిరాత. కొనుక్కున్నాయన సంతకం పెట్టుకున్నాడు," అన్నాను.

"లింగయ్య మా తాత," అన్నాడు వీరస్వామి.

అరుగు మీది తల్లి నర్సమ్మను మెల్లగా అడిగింది. "గిది బడి పుస్తకం అసొంటిదేనా అమ్మా?"

నర్సమ్మ పెద్దాయన వైపు చూసింది. ఆ తల్లి పాపను చంకనేసుకుని, "మల్లొస్తం తియ్యి," అని మర్యాదగానే చెప్పి మెట్లు దిగిపోయింది. పలక పాప చేతిలో ఊగుతూ పోయింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఇలాంటి అచ్చు పుస్తకం మరీ అరుదైనదని, లక్షల్లో ఒకటని, నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. పెద్దాయన అన్నీ విని, ఆకులు సర్ది, మూట కట్టి, "అన్నం వెట్టు బిడ్డా ఆమెకు. దూరం పోవాలె," అన్నాడు నర్సమ్మతో.

చింతచిగురు పప్పు, జొన్నరొట్టె, మజ్జిగ. అంత కమ్మటి పప్పు నేను ఎక్కడా తినలేదు, ఆరోజు ముద్ద మాత్రం దిగలేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఈ వయసులో అర్థమైంది. నేను మాత్రం తినకముందే లెక్కపెట్టాను. నర్సమ్మ మారు వడ్డిస్తూనే ఉంది. ఈ జంట విడిపోగానే రెండ్రోజుల్లో తిరిగొచ్చి పొత్తమంతా బాగుచేస్తానని చెప్పి మధ్యాహ్నం బస్సుకు వెనక్కి వచ్చాను.

లాడ్జి గదిలో

తడిగుడ్డలో పెట్టిన జంటను పొద్దున్నే తీశాను. వెదురు పుల్లతో అంచునుంచి మెల్లగా విడదీస్తూ వచ్చాను. ఒక ఆకు చెదమన్నుతో పాటే పొడిగా రాలిపోయింది. రెండోది నిలిచింది. కుంచెతో తుడిచి కిటికీ దగ్గర పెట్టాను. వెనకవైపు వేలు నడిపాను, అలవాటుగా.

నున్నగా ఉంది.

తిప్పి చూశాను. అవే అక్షరాలు, అదే కొలత, అవే ఎర్రగీతలు. భూతద్దం పెట్టాను. "రా" అక్షరం పదకొండు చోట్ల ఉంటే పదకొండూ వేరే. కలం ముంచిన చోట సిరా నల్లగా, ఎండిపోయే చోట బూడిదగా. ఎర్రగీత ఒకచోట చెయ్యి వణికి పక్కకు పోయింది. అంచులో ఒక పదం కొట్టేసి మళ్ళీ రాశాడు. ఇది అచ్చు కాదు. అచ్చును చూసి, అచ్చులాగే, ఎవరికీ తేడా తెలియకుండా చేత్తో రాసిన ఆకు.

పుస్తకం కొన్నది లింగయ్యే. ఎప్పుడో కొన్ని ఆకులు పాడైపోయి ఉంటాయి. పోయినవాటిని ఆయన ఇంకో ప్రతి చూసి తన చేత్తో నింపాడు. ఎన్ని ఆకులో నాకు తెలియదు. మన్ను పట్టిన మధ్యభాగమంతా ఆయన రాతే అయ్యుండవచ్చు. నేను పైన ఆరు ఆకులు చూసి, కింద ఒక సంతకం చూసి, నడుమ ఉన్న మనిషిని కొట్టేశాను. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో.

ముఖం కూడా సరిగ్గా కడుక్కోకుండా బస్సుస్టాండుకు పరుగెత్తాను.

మళ్ళీ అదే దారి

ఆరోజు బస్సు దుమ్ముగూడెం అవతల పంక్చరై గంటన్నర ఆగింది. అందరూ దిగి చెట్లకింద కూర్చుని జీడిపండ్లు తింటున్నారు. నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. బస్సు మళ్ళీ కదిలాక చెక్‌పోస్టు దగ్గర ఒక కుర్ర కానిస్టేబులు నా సంచి తీసి, గుడ్డ విప్పి, ఆకు పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది, కరపత్రమా?"

"దేవుడి పుస్తకంలో ఆకు నాయనా. మెల్లగా."

"అచ్చేసిందా, రాసిందా?"

"రాసింది," అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెరిగింది. "చేత్తో రాసింది. లింగయ్య అని, ఆయన రాశాడు."

అతను నన్ను వింతగా చూసి, ఆకును రెండు చేతులతో కళ్ళకద్దుకుని తిరిగిచ్చాడు. బస్సులో అందరూ చూస్తుండగా నాకు ఏడుపొచ్చింది.

నేను ఆ ఇల్లు చేరేసరికి ఎండ తిరిగింది. అరుగు మీద వీరస్వామి కూర్చుని ఉన్నాడు. దండెం మీద ఆయన పంచె తడిగా ఆరుతోంది. పక్కనే ఎర్రగుడ్డ కూడా ఆరుతోంది.

నర్సమ్మ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పొద్దుగాల్నే గోదారికి పోయిండక్కా. నేను వద్దన్న, పద్మ కాళ్ళు వట్టుకుంది. ఇనలే. రాసిన పొత్తమైతే ఇంట్ల పెద్దమనిషి లెక్క, ఎంత పాడైనా ఉంచుకోవాలె అన్నడు. అచ్చుదైతే పాతవడ్డ పంచాంగం అసొంటిదే, చెదలు పడ్డదాన్ని గోదారికియ్యాలె అన్నడు. పసుపు దారం కట్టి ఇచ్చిండు."

చేతులు కాలాక ఆకు పట్టుకుని వచ్చినదాన్ని నేను. అయినా చెప్పాలి. చెప్పకుండా తిరిగి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఆయన ముందు నేల మీద కూర్చుని ఆకు ఆయన చేతికిచ్చాను.

"పెద్దయ్యా, నేను తప్పు చెప్పాను. వెనక వేలు పెట్టి చూడండి. ఇది అచ్చు కాదు. ఇది మీ తాత రాసింది. మధ్య ఆకులు నేను చూడలేదు. చూడకుండా మాట్లాడాను. నన్ను తిట్టండి, కొట్టండి."

ఆయన బొటనవేలితో ఆకు వెనక మెల్లగా తడిమాడు. ఒకసారి, రెండుసార్లు, చివరిదాకా.

"తిట్టుడెందుకు బిడ్డా. మా నాయన నాకు చెప్పిండు. పెద్ద వరదల పొత్తం తడిసి నడిమి ఆకులు పోతే, మా తాత ఓ వానకాలమంత ఇంకొకరి ఇంట్ల కూసోని గవ్వే మల్ల రాసిండు అని. గంతే చెప్పిండు. మొత్తం రాసిండని ఆయన అనలే. నేనే అన్న. చిన్నప్పుడు సోపతిగాళ్ళ ముంగట గొప్పకు ఒకసారి అన్న, ఊరు పట్టుకుంది. ఇగ మల్ల తియ్యరాలె. నువ్వు నిన్న అచ్చు అనంగనే దొరికిపోయిన్ననుకున్న. నా అబద్ధం బయటవడ్డదని సిగ్గుతోని తీస్కపోయి ఇచ్చిన. నా అబద్ధంతోని మా తాత రాసిన నిజం సుత పాయె."

పద్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"చదువు బిడ్డా," అన్నాడు ఆకు నాకిస్తూ. "నాకు కనవడదు."

చదివాను. సీతను ఎత్తుకుపోయాక స్వామి అడవిలో చెట్టునూ లేడినీ ఏటినీ అడుగుతూ తిరిగే చోటు. నర్సమ్మ పని ఆపి వచ్చి కూర్చుంది. పక్కింటివాళ్ళు ఇద్దరు గోడ దగ్గర నిలబడ్డారు. లింగయ్య రాత చదవడానికి ఎంత తేలికగా ఉందో. ఎక్కడా తడబడలేదు. ఆకు అడుగున మాట సగంలో తెగింది. మిగతా సగం తర్వాతి ఆకులో ఉండాలి. ఆగాను.

"తర్వాత?" అన్నాడు పెద్దాయన కళ్ళు మూసుకునే.

"ఆకు అయిపోయింది పెద్దయ్యా."

ఆయన తలూపాడు. తర్వాతి మాట ఆయన పెదాల మీదికి రావడం నేను చూశాను. అరవై నవములు చదివిన మనిషి, అంతా నోటికొచ్చు. అయినా పలకలేదు.

"మా ఇంట్ల కట్టడి అది బిడ్డా," అన్నాడు. "ఆకు చేతుల లేకుంట తర్వాత మాట చదువొద్దు."